జీతానికి పెట్టిన బిడ్డలు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వెట్టి చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని కార్యదర్శిగారు అడిగారు. డి.ఎ. బకాయిలు, పి.ఆర్.సి., వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి రాయగల అనుభవజ్ఞులు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను సర్వీసులో దగ్గరగా చూసిన వేరొక విషయం రాస్తానన్నాను. 1974లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి 2010లో డిప్యూటీ తాసిల్దారుగా పదవీ విరమణ చేసేదాకా నా ఉద్యోగం చాలావరకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లోనే గడిచింది. ఆ ముప్పయ్యారేళ్ళలో మన పల్లెల్లో చాలావరకు కనుమరుగైన ఒక ఏర్పాటు ఉంది. దాన్ని జనం "జీతం" అనేవారు.

మన పెన్షనర్లకు జీతమంటే ఒకటో తేదీన చేతికందిన డబ్బు. అది మనకు గౌరవం తెచ్చింది, పిల్లల చదువులు తెచ్చింది, ఇప్పుడు పెన్షను తెచ్చింది. పల్లెలో "జీతానికి పెట్టడం" అన్న మాటకు అర్థం వేరు. అక్కడ జీతగాడంటే సంవత్సరం పొడుగునా ఒక ఆసామి ఇంటికి కట్టుబడినవాడు. నిఘంటువులు ఈ మాటను జీవితం అనే సంస్కృత పదానికి వికృతిగా చెబుతాయి. జీతగాడి విషయంలో ఆ అర్థం అక్షరాలా సరిపోతుంది. డబ్బు ముందే తండ్రి చేతికి పోయేది. బ్రతుకు మాత్రం ఆ ఇంటి కొట్టంలో గడిచేది. అతనికి సెలవు లేదు, ఇంక్రిమెంటు లేదు, పదవీ విరమణ వయస్సు అసలే లేదు. వీరిలో పెద్దవాళ్ళతో పాటు ఎనిమిదేళ్ళ, పదేళ్ళ బిడ్డలూ ఉండేవారు.

మన నేల, మన అప్పులు

ఈ చరిత్ర అర్థం కావాలంటే ముందు మన నేల సంగతి గుర్తు చేసుకోవాలి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లానుంచి వచ్చి చేరాయి. పుంగనూరు జమీందారీ, కుప్పం వైపు కంగుంది జమీందారీ మునుపు ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయాయి. భూమి మీద శిస్తు వసూలు పద్ధతి మారింది గాని, వాన మారలేదు. మనది ఎర్ర నేల, చిన్న చెరువులు, లోతు బావులు. వాన పడితే చెనక్కాయ, లేకుంటే ఏమీ లేదు. చెరువు కింద మడి ఉన్నవాడు వరి తిన్నాడు, మెట్ట మీద ఉన్నవాడు రాగి సంగటి తిన్నాడు, రెండూ లేనివాడు కూలికి పోయాడు.

కూలి ఏడాదిలో కొన్ని నెలలే దొరికేది. మిగతా నెలల్లో జబ్బు వచ్చినా, ఇంట్లో పెళ్ళి వచ్చినా, చావు వచ్చినా అప్పు చేయక తప్పదు. బ్యాంకు ఆ గడప తొక్కనిచ్చే కాలం కాదు. అప్పిచ్చేవాడు ఒక్కడే, ఊళ్ళో నాలుగు జతల ఎద్దులు, బావి, గాదె ఉన్న ఆసామి. అతనికి కావలసింది వడ్డీ కన్నా మనిషి. ఎనుములు మేపడానికి, మడక వెంట నడవడానికి, కపిల తోలడానికి, పేడ ఎత్తడానికి ఎప్పుడూ అందుబాటులో ఉండే మనిషి. అందుచేత అప్పుకు తాకట్టుగా నగకు బదులు కొడుకు వెళ్ళేవాడు. ఉగాదికి మాట కుదిరేది. ఏడాదికి ఇంత ధాన్యం, రెండు జతల గుడ్డలు, ఒక జత చెప్పులు, రోజూ తిండి. బిడ్డ జబ్బుపడి పనికి రాని రోజులు, తప్పిపోయిన మేక, విరిగిన కాడి, అన్నీ మళ్ళీ బాకీ ఖాతాలోకి ఎక్కేవి. ఆ ఖాతా ఆసామి చేతిలో ఉండేది. చదవడం రాని తండ్రికి అందులో ఏముందో తెలిసేది కాదు.

ఇది మన జిల్లాలోనే పుట్టిన ఆచారం కాదు. నైజాము ప్రాంతంలో దీన్ని భగేలా అన్నారు. విశాఖ ఏజెన్సీలో గొత్తి అన్నారు. పేరు ఏదైనా లోపలి యంత్రం ఒకటే: ముందుగా ఇచ్చే డబ్బు, లెక్క తేలని బాకీ, వేరే చోటికి పోలేని మనిషి.

చట్టాల వరుస

మన దేశంలో దీని మీద చట్టాలకు ఎప్పుడూ కొరత లేదు. 1843లోనే కంపెనీ ప్రభుత్వం బానిసత్వానికి న్యాయస్థానాల్లో గుర్తింపు లేదని చట్టం చేసింది. అదే దొరతనం 1859లో, బయానా తీసుకుని పనికి రాని పనివాణ్ణి నేరస్థుడిగా శిక్షించే చట్టం కూడా చేసింది. ఒక చేత్తో విప్పి మరో చేత్తో కట్టినట్టయింది. నైజాం రాజ్యంలో 1936లో భగేలా ఒప్పందాలపై నిబంధన వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ ప్రాంతాలకు అప్పు వెట్టి నిబంధన తెచ్చింది.

పిల్లల విషయంలో మొదటి ముఖ్యమైన చట్టం 1933లో వచ్చింది. 1929లో నియమించిన రాయల్ లేబర్ కమిషన్ దేశమంతా తిరిగి, తల్లిదండ్రులు పిల్లల శ్రమను అప్పుకు తాకట్టు పెడుతున్నారని 1931 నివేదికలో రాసింది. దాని ఫలితంగా, పదిహేనేళ్ళ లోపు బిడ్డ శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని 1933 చట్టం చెప్పింది. జరిమానా తల్లిదండ్రులకు యాభై రూపాయల దాకా, పనిలో పెట్టుకున్నవాడికి రెండువందల దాకా. అయితే అందులోనే ఒక సందు ఉంది. బిడ్డకు హాని లేకుండా, సరైన కూలి ఇచ్చి, వారం నోటీసుతో మానుకోవడానికి వీలుంటే అది తాకట్టు కాదన్నారు. 1938లో వచ్చిన బాలల ఉద్యోగ చట్టం రైల్వేలు, రేవులు వంటి చోట్లకే పరిమితమైంది. పొలం దాని పరిధిలోకి రాలేదు.

1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 24వ అధికరణం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను కర్మాగారాల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదన్నది. ఇక్కడ కూడా పశువుల కొట్టం, చెనక్కాయ చేను బయటే మిగిలాయి. పొలం పని పిల్లలకు సహజమని, తండ్రి వెంట కొడుకు పోవడం తప్పేమిటని అందరూ అనుకున్న రోజులవి. తండ్రి వెంట తన చేనికి పోవడం వేరు, తండ్రి అప్పుకు ఇంకొకరి చేనికి పోవడం వేరు. ఈ తేడా రాయడానికి మన చట్టాలకు చాలా కాలం పట్టింది.

1975 జూలైలో ఇందిరాగాంధీగారు ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో వెట్టి చాకిరీ రద్దు ఒక సూత్రం. అదే సంవత్సరం అక్టోబరు 25న ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేతిలో పట్టుకున్న మొదటి పెద్ద చట్టం ఇదే. దాని బలం ఎక్కడుందో చెబుతాను. అప్పు వల్లగాని, కుల ఆచారం వల్లగాని, వంశపారంపర్యంగా గాని, ఉచితంగానో నామమాత్రపు కూలికో పనిచేయవలసి వస్తే అది వెట్టి. చట్టం వచ్చిన రోజే ఆ బాకీ రద్దు. తాకట్టు పెట్టిన ఆస్తి తిరిగి ఇవ్వాలి. ఉన్న ఇంటినుంచి వెళ్ళగొట్టరాదు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అప్పిచ్చినవాడిది. వెట్టి చేయించినవాడికి మూడేళ్ళ దాకా జైలు, రెండువేల రూపాయల దాకా జరిమానా. కలెక్టరుకు అధికారం, జిల్లాలో, సబ్ డివిజన్లో నిఘా సంఘాలు. విముక్తి పొందినవాడికి ఒక ధ్రువపత్రం.

మన రాష్ట్రంలో ఈ పనికి ప్రాణం పోసినవారిలో ఎస్.ఆర్. శంకరన్‌గారి పేరు ముందు చెప్పాలి. సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్నప్పుడు ఆయన వెట్టి విముక్తిని ఫైళ్ళలోనుంచి పల్లెల్లోకి తెచ్చారు. అందుకు పైవారి ఆగ్రహం కూడా చవిచూశారు. 2010లో ఆయన కన్నుమూసినప్పుడు మనలో చాలామంది ఇంటి మనిషిని పోగొట్టుకున్నట్టు బాధపడ్డాం.

ధ్రువపత్రం చేతికొచ్చిన తరువాత

చట్టం పుస్తకంలో ఉన్నంత సులభంగా ఊళ్ళో ఉండదు. డెబ్బైల చివర్లో ఒక విచారణకు మా ఇన్‌స్పెక్టరుగారి వెంట గుమాస్తాగా వెళ్ళాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇప్పుడు అవసరం లేదు. ఎనుములు కాసే పిల్లవాడు, వయస్సు పదో పదకొండో. బడి రిజిస్టరులో పేరు లేదు గనుక వయస్సుకు ఆధారం లేదు. బాకీ ఎంత అంటే తండ్రి "అయ్యకే తెలుసు సార్" అన్నాడు. ఆసామి తన చిట్టా తీశాడు. అందులో అసలు మూడువందలు, నాలుగేళ్ళ తరువాత కూడా అది మూడువందలకు పైనే ఉంది. "మేమేం కొట్టలేదు, తిట్టలేదు, మా బిడ్డలతోపాటు సంగటి పెడతా ఉండాము" అని ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది. ఆవిడ మాట అబద్ధమని నాకు అనిపించలేదు. సంగటి పెట్టారు. కాని ఆ ఇంటి బిడ్డలు బడికి పోయారు, వీడు పోలేదు. ఆ ఇంటి బిడ్డలు ఇష్టం లేకపోతే మానుకోగలరు, వీడు మానుకోలేడు.

ఆ పిల్లవాడికి విముక్తి కలిగింది. మరుసటి వానాకాలం ముందు అదే తండ్రి అదే ఇంటి ముందు నిలబడ్డాడని తరువాత విన్నాను. విత్తనానికి, తిండి గింజలకు అప్పిచ్చే ఇంకొక మనిషి ఆ ఊళ్ళో లేడు. విముక్తి ధ్రువపత్రం బాకీని రద్దు చేసింది గాని, కొత్త బాకీ అవసరాన్ని రద్దు చేయలేదు. నా సర్వీసులో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇది మొదటిది.

కేంద్ర ప్రభుత్వం 1978లో పునరావాస పథకం పెట్టి, మనిషికి 4,000 రూపాయలు నిర్ణయించింది. అది 1986లో 6,250, 1995లో 10,000, 2000లో 20,000 అయింది. 2016లో పథకాన్ని మార్చి, పెద్దవారైన పురుషులకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో మూడు లక్షలు అన్నారు. ఆ డబ్బుతో ఆవునో గొర్రెలనో కొనిచ్చిన చోట కుటుంబం నిలబడింది. డబ్బు ఆలస్యమైన చోట నిలబడలేదు. మనలో ట్రెజరీలో, సంక్షేమ శాఖలో పనిచేసినవారికి ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. మన బల్ల మీద ఒక ఫైలు ఆరు నెలలు ఆగితే ఒక కుటుంబం ఆరు నెలలు ఎక్కడ అప్పు తెచ్చుకోవాలి?

న్యాయస్థానాలు ఈ లోపల దారి వెడల్పు చేశాయి. ఏషియన్ క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం కూడా 23వ అధికరణం కింద బలవంతపు పనే అన్నది. ఆకలి కూడా బలవంతమేనని జస్టిస్ భగవతిగారు ఆ తీర్పులో వివరించారు. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో, బలవంతపు పని రుజువైతే దాని వెనుక బయానా ఉన్నదని భావించాలని, కాదని చూపించే భారం యజమానిదని చెప్పారు.

పట్టు దారం వెంట

మదనపల్లె అంటే బయటివారికి టమాటా, నీరుగట్టువారిపల్లె పట్టుచీర. పుంగనూరు అంటే పొట్టి ఆవు. కుప్పం అంటే మద్రాసు-బెంగుళూరు రైలు మార్గం, గ్రానైటు, మల్బరీ తోటలు. టిప్పు సుల్తాను కాలంలో మైసూరు రాజ్యంలో నాటుకున్న పట్టు పరిశ్రమ ఎల్ల దాటి మన వైపుకూ వచ్చింది. పలమనేరు, కుప్పం, పుంగనూరు, మదనపల్లె రైతులకు నెలనెలా చేతికి డబ్బిచ్చే పంటగా మల్బరీ నిలిచింది.

పట్టు చీర కొనేవారు ఆ దారం ఎన్ని చేతులు దాటి వస్తుందో సాధారణంగా ఆలోచించరు. ఒక ఇంట్లో ఆకు కోసి పురుగులను మేపుతారు. పురుగులు చంద్రికల మీద గూళ్ళు కడతాయి. గూళ్ళు మార్కెట్టుకు పోతాయి. మన రైతులు కర్ణాటక మార్కెట్లకు కూడా తీసుకుపోతారు. రీలింగు చేసేవారు గూళ్ళను మరిగే నీళ్ళలో ఉడకబెట్టి, దారపు కొస పట్టి తీస్తారు. ఆ తరువాత పురి పెట్టడం, అద్దకం, మగ్గం. మొదటి మెట్టులో ఇంటి పిల్లలు ఆకు కోస్తే అది ఇంటి పని. రీలింగు, పురి పెట్టే మెట్లలో చాలాచోట్ల బయటి పిల్లలు ఉండేవారు. వేడినీళ్ళలో ముంచి ముంచి వేళ్ళ చర్మం పాడయ్యేది. కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్‌లలోని పట్టు పనివారిని పరిశీలించి మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2003లో ఇచ్చిన నివేదిక, ఆ పిల్లల్లో ఎందరో తల్లిదండ్రులు తీసుకున్న బయానాకు కట్టుబడినవారేనని చూపింది. అంటే పొలంలోని జీతగాడి పద్ధతే పట్టణంలోని షెడ్డులోకి నడిచి వచ్చింది.

గొలుసు పొడవయ్యే కొద్దీ బాధ్యత పలుచనవుతుంది. చీర అమ్మే కొట్టు యజమానికి నేతగాడు తెలుసు. నేతగాడికి దారం అమ్మినవాడు తెలుసు. గూడు ఉడికించిన చేయి ఎవరిదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు.

కర్నూలు ఆడపిల్లలు నేర్పిన పాఠం

ఈ అవసరం ఎలా కలిగిందో చెప్పడానికి కర్నూలు జిల్లాకు వెళ్ళాలి. 1970లో గుజరాతులో సంకర పత్తి రకం వచ్చింది. ఆ విత్తనం తయారు కావాలంటే ఒక్కొక్క పువ్వుకూ చేత్తో పని చేయాలి. సాయంత్రం మొగ్గ విప్పి పుంకేసరాలు తీసేయాలి, మరునాడు ఉదయం వేరే రకం పువ్వు పుప్పొడి రుద్దాలి. ఇది నెలల తరబడి సాగే పని. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు దీనికి పెద్ద కేంద్రాలయ్యాయి. ఆ పని చేసింది ఎక్కువగా ఏడు నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు. చిన్న వేళ్ళు, తక్కువ ఎత్తు పనికి అనువని చెప్పేవారు. అసలు కారణం తక్కువ కూలి, సీజను మొదట్లో తల్లిదండ్రులకిచ్చే బయానా.

పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లుగారు ఈ పొలాల్లో తిరిగి, గొలుసును పై కొసదాకా పట్టుకున్నారు. రైతు పైన విత్తన ఆర్గనైజరు, అతని పైన కంపెనీ, కొన్నిచోట్ల ఆ పైన విదేశీ కంపెనీ. 2003లో వెలువడిన ఆయన నివేదిక ఐరోపాలో చర్చకు వచ్చింది. కంపెనీ రైతుకిచ్చే ధర పెద్దవారి కూలికి సరిపోనప్పుడు రైతు పిల్లల వైపు పోతాడన్నది అందులోని కీలకమైన మాట. ఆ తరువాత బేయర్, మోన్‌శాంటో వంటి కంపెనీలు పిల్లలను పెట్టుకోని రైతుకు అదనపు సొమ్ము, పెట్టుకున్న రైతుకు ఒప్పందం రద్దు, పొలాల తనిఖీ వంటి పద్ధతులు మొదలుపెట్టాయి. సమస్య పూర్తిగా పోలేదు. 2009లో అమెరికా కార్మిక శాఖ ప్రకటించిన తొలి జాబితాలో మన దేశపు సంకర పత్తి విత్తనం కూడా ఉంది. 2008 నాటి అమెరికా వ్యవసాయ చట్టం కింద ఏర్పడిన సలహా సంఘం, దిగుమతి అయ్యే పంటల్లో పిల్లల పని, బలవంతపు పని లేకుండా కంపెనీలు ఎలా చూసుకోవాలో 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. తమకు సరుకు ఇచ్చేవారు ఎవరో రాసి పెట్టుకోవడం, స్వతంత్రంగా తనిఖీ చేయించడం, పని మాన్పించిన పిల్లవాడికి బడి చూపించడం వాటి సారాంశం.

కర్నూలు పాఠం ఏమిటంటే, చేను యజమానిని ఒక్కణ్ణి పట్టుకుంటే సరిపోదు. అతనికి ధర కట్టేవాణ్ణి కూడా అడగాలి.

బడి ఏం చేసింది?

పిల్లలను పనినుంచి తప్పించిన అన్నిటికన్నా పెద్ద శక్తి బడేనని నా అభిప్రాయం. ఆచార్య శాంతా సిన్హాగారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991నుంచి రంగారెడ్డి జిల్లాలో చేసిన పని అందరికీ తెలుసు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అని విడదీయడాన్ని వారు ఒప్పుకోలేదు. వయస్సు దాటిన పిల్లలకు శిబిరాల్లో చదువు చెప్పి వయస్సుకు తగిన తరగతిలో చేర్చారు. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

మన మదనపల్లె దగ్గర కూడా ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఏ బిడ్డ ఎక్కడ ఆగితే అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. చెనక్కాయ కోతకు పోయి నెల తరువాత తిరిగొచ్చిన పిల్లవాడు మామూలు బడిలో వెనకబడిపోయి, సిగ్గుపడి మానేస్తాడు. ఈ బడిలో తన కార్డు తీసుకుని కూర్చుంటాడు. మేకలు కాసే బిడ్డల బ్రతుకు చూసి తయారైన పద్ధతి ఇది. 1995లో కర్ణాటక ప్రభుత్వం మొదలుపెట్టిన నలికలికి ఇదే స్ఫూర్తి.

మరి అప్పు సంగతి? తొంభైలలో పొదుపు సంఘాలు వచ్చాయి. 2000లో మొదలైన వెలుగు పథకం తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ఇంట్లో జబ్బు వస్తే ఆడవాళ్ళు సంఘంలో అప్పు తీసుకోవడం మొదలైంది. 2003 జనవరినుంచి మన రాష్ట్రంలో బడిలో వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ తొలి విడతలో మన జిల్లా కూడా ఉంది. పని లేని నెలల్లో పెద్దవాళ్ళకు పని దొరికింది. ఇవన్నీ కలిసి ఆసామి చిట్టాకు పోటీ అయ్యాయి. 1976 చట్టం ఒంటరిగా చేయలేని పని ఈ నాలుగూ తోడయ్యాక జరిగింది.

జనాభా లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 1991లో ఆంధ్రప్రదేశ్‌లో పని చేసే పిల్లలు 16.6 లక్షలు, దేశంలోకెల్లా ఎక్కువ. 2001కి 13.6 లక్షలు. 2011 నాటికి ముఖ్యంగా పనిమీదే ఉన్న పిల్లలు నాలుగు లక్షల పైచిలుకు. లెక్కించే తీరులో తేడాలున్నా దిశ స్పష్టం.

ఇంకా మిగిలినది

ఇంతటితో అయిపోయిందని చెప్పలేను. 1986 బాలకార్మిక చట్టం పొలం పనిని చాలావరకు వదిలేసింది. 2016 సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నది. పద్నాలుగు, పద్దెనిమిదేళ్ళ మధ్యవారిని ప్రమాదకరమైన పనులనుంచి తప్పించింది. అయితే బడి వేళల తరువాత, సెలవుల్లో సొంత కుటుంబం పనికి సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. 1933 నాటి సందు మరో రూపంలో మిగిలింది. 2017లో మన దేశం అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 ఒప్పందాలను ఆమోదించింది. ప్రపంచమంతటా 2024లో ఇంకా 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారని ఆ సంస్థ, యునిసెఫ్ కలిసి అంచనా వేశాయి. వారిలో నూటికి అరవై ఒక్కరు వ్యవసాయంలోనే ఉన్నారు.

మన టమాటా సంగతే చూడండి. విదేశాలకు పోయే పంట అయితే కొనేవాడు ఒప్పందంలో పిల్లల పని లేదని రాయించుకుంటాడు. టమాటా తోటనుంచి మండీకి, మండీనుంచి లారీలో పక్క రాష్ట్రాలకు పోతుంది. మండీవారు రైతుకు ముందుగా డబ్బిస్తారు, రైతు కూలీల మేస్త్రీకి ఇస్తాడు. ధర కిలో రూపాయికి పడిపోయి రోడ్డు పక్క పారబోసే రోజుల్లో ఆ నష్టం ఎవరి కూలిలోనుంచి పోతుంది? కాయ కొనే మనం ఎన్నడూ అడగలేదు. అడిగే అలవాటు కొనేవాడికి లేకపోతే, కర్నూలు పాఠం మన మండీకి చేరదు.

ఇంకొక మార్పు కూడా ఉంది. పిల్లవాడు ఊళ్ళో కొట్టంలో ఉంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, పంతులుకు కనిపించేవాడు. ఇప్పుడు బయానా తీసుకున్న కుటుంబమే మొత్తంగా ఇటుక బట్టీకో, దూరపు తోటకో పోతుంది. బిడ్డల పేర్లు మన బడి రిజిస్టరులో ఉంటాయి, బిడ్డలు ఉండరు. పక్క రాష్ట్రంలో వారి పేర్లు ఎక్కడా ఉండవు.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన ఇళ్ళల్లో, మన పిల్లల ఇళ్ళల్లో పద్నాలుగేళ్ళ లోపు బిడ్డను పనికి పెట్టుకోకూడదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాల్లో ఈ నిషేధం 1999లోనే చేరింది. 2006 అక్టోబరు 10నుంచి ఇళ్ళలో, హోటళ్ళలో పిల్లలను పెట్టుకోవడం అందరికీ నిషేధం. ఎక్కడైనా అలాంటి బిడ్డ కనిపిస్తే 1098కి ఫోను చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు. మనలో రిటైరైన ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఊళ్ళో బడి మానేసిన పిల్లల జాబితా ప్రధానోపాధ్యాయులను అడిగి, ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల ఇళ్ళకు వెళ్ళి వస్తే చాలు. ఆధార్, కుల ధ్రువపత్రం, బదిలీ సర్టిఫికెట్టు లేక ఆగిపోయిన బిడ్డలకు కాగితాలు రాసిపెట్టడం మనకన్నా బాగా ఎవరికి వచ్చు? విముక్తి పొందిన కుటుంబానికి రావలసిన పునరావాస సొమ్ము కోసం దరఖాస్తు రాసి, ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక కూడా మనకే ఉంది.

ఈ విషయంపై అనుభవాలు ఉన్న మిత్రులు, ముఖ్యంగా పట్టు పరిశ్రమ, కార్మిక, విద్యా శాఖల్లో పనిచేసినవారు, తమ జ్ఞాపకాలు రాసి సంఘం కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను. వచ్చే జూన్ 12న ప్రపంచ బాలకార్మిక వ్యతిరేక దినం. ఆ నెల సర్వసభ్య సమావేశంలో డి.ఎ. సంగతులు అయిన తరువాత ఒక అరగంట దీనికి కేటాయిస్తే, ఊరూరా బడి బయట ఉన్న పిల్లల జాబితా మనమే తయారుచేయడం మొదలుపెట్టవచ్చు.